ఉత్తరాంధ్ర తీరంలో పని, జనం, బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఉద్యోగం వచ్చిందని కొందరు, స్థలం కొనొచ్చా అని కొందరు, రిటైరయ్యాక వచ్చి స్థిరపడదామని ఇంకొందరు అడుగుతుంటారు. నేను పుట్టి పెరిగింది గాజువాకలో. చుట్టాలు సగం మంది శ్రీకాకుళం జిల్లాలో, సగం మంది అనకాపల్లి వైపు ఉన్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒక్కచోట రాసి పెడితే మేలనిపించింది.

ఉత్తరాంధ్ర తీరం అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

ఒడిశా సరిహద్దులో ఇచ్ఛాపురం దగ్గర మొదలై పాయకరావుపేట దాకా. పాత మూడు జిల్లాల లెక్కలో శ్రీకాకుళానికి 193 కిలోమీటర్లు, విజయనగరానికి 28, విశాఖపట్నానికి 132 కిలోమీటర్ల తీరం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి వేరైంది కాబట్టి ఇప్పుడు సముద్రం ఉన్నవి నాలుగు జిల్లాలు. పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు కొండల్లో ఉన్నాయి.

కృష్ణా, గోదావరి డెల్టా తీరం చూసినవాళ్లకు ఇది కొత్తగా కనిపిస్తుంది. అక్కడ నేల చదును. ఇక్కడ తూర్పు కనుమలు సముద్రం ఒడ్డు దాకా వచ్చేశాయి. పెద్ద నదులంటే వంశధార, నాగావళి. మిగతావి చాలావరకు వానకు పొంగి ఎండకు ఎండిపోయే గెడ్డలు. వాగును మేం గెడ్డ అంటాం. కొండలు అడ్డం ఉండబట్టే విశాఖకు సహజమైన ఓడరేవు దక్కింది. పెద్ద కాలువలు లేకపోబట్టే పల్లెలకు నీళ్లు దక్కలేదు. ఇక్కడి కలిమి, లేమి రెండూ చాలావరకు ఈ నేల తీరులోంచే వచ్చాయి.

జనాభా ఎంత?

2011 లెక్కల ప్రకారం పాత మూడు జిల్లాల్లో కలిపి 93 లక్షల పైచిలుకు. విశాఖ జిల్లాలో 42.9 లక్షలు, శ్రీకాకుళంలో 27 లక్షలు, విజయనగరంలో 23.4 లక్షలు. విశాఖ నగరంలో 17.28 లక్షలు. 1951లో ఆ నగరంలో ఉన్నది లక్ష పైచిలుకు మందే. అరవై ఏళ్లలో పదహారు రెట్లు.

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. అందుకే నెట్‌లో కనిపించే "ఇప్పటి జనాభా" అంకెలన్నీ అంచనాలే. వాటిని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఇంకో సంగతి. ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య మన రాష్ట్రంలో 1.7కు తగ్గిందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జనాభా నిలకడగా ఉండాలంటే అది 2.1 ఉండాలి. అంటే నగరం పెరుగుతున్నది పుట్టుకల వల్ల కంటే వచ్చిపడే జనం వల్లే. ఆ జనం వస్తున్నది చుట్టుపక్కల పల్లెల నుంచి. శ్రీకాకుళం జిల్లాలో మా అమ్మమ్మ గారి వీధిలో పదకొండు ఇళ్లుంటే నాలుగింటికి తాళాలు. మిగతా వాటిలో ముసలివాళ్లు.

ఇక్కడ ఆడవాళ్ల సంఖ్య ఎక్కువ అంటారు, నిజమేనా?

నిజమే. 2011లో వెయ్యి మంది మగవాళ్లకు విజయనగరంలో 1019, శ్రీకాకుళంలో 1015, విశాఖ జిల్లాలో 1006 మంది ఆడవాళ్లు. దేశం మొత్తం మీద వెయ్యికి తక్కువే ఉన్నప్పుడు ఈ అంకెలు చూసి సంతోషించేవాళ్లున్నారు. ఆడపిల్లను చిన్నచూపు చూడకపోవడం కొంత కారణం కావచ్చు. దాంతో పాటు మగవాళ్లు పని కోసం ఊరు వదిలి వెళ్లడమూ ఉంది. హైదరాబాద్‌లో భవనాల పని, చెన్నైలో కూలి పని, గుజరాత్‌లో చేపల వేట. లెక్కలు రాసే రోజున వాళ్లు ఇంట్లో లేరు. అందుకే ఈ అంకెను గొప్పగా చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు.

పల్లెల నుంచి ఇంతమంది ఎందుకు వెళ్లిపోతున్నారు?

నీళ్లు చాలని భూమి, చిన్న కమతాలు, దగ్గర్లో పని లేకపోవడం. తీరంలో అయితే ఇంకో కారణం కూడా ఉంది. రాష్ట్రంలో పొడవైన తీరం ఉన్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, అయినా పెద్ద బోట్లు ఆగడానికి సరైన హార్బర్ లేదు. బోటు ఆగే చోటు లేనప్పుడు బోటు కొనేవాడు ఉండడు. అందుకే ఎచ్చెర్ల, సోంపేట, పూసపాటిరేగ వైపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి యజమానుల బోట్లలో ఏటా ఏడెనిమిది నెలలు కూలికి వేట చేస్తారు.

2018 నవంబర్‌లో అలా వెళ్లినవాళ్లను సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా తిరిగొచ్చారు. సొంత ఊరి ముందు సముద్రం పెట్టుకుని, దేశం అవతలి ఒడ్డుకు వెళ్లి వేటాడాల్సి రావడం ఎంత అన్యాయమో ఆ రోజు అందరికీ తెలిసింది. ఇప్పుడు బుడగట్లపాలెంలో హార్బర్, సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు అంటున్నారు. మూలపేటకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

ఈ ప్రాంతం దేని మీద బతుకుతోంది?

ఒక్క మాటలో చెప్పాలంటే ఓడరేవు మీద. 1933లో విశాఖ పోర్టు మొదలైంది. తర్వాత వచ్చినవన్నీ దాన్ని చూసుకుని వచ్చినవే.

1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఓడల తయారీ కేంద్రం పెట్టారు. స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ 'జల ఉష' 1948 మార్చిలో ఇక్కడే నీళ్లలోకి దిగింది. ఆ కేంద్రమే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, అదే నేటి హెచ్‌పీసీఎల్. 1960ల్లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. మనం అరకు వెళ్తూ కిటికీలోంచి సొరంగాలు లెక్కపెట్టుకునేది ఆ దారిలోనే. కోరమండల్ ఎరువుల ఫ్యాక్టరీ, భారీ యంత్ర సామగ్రి చేసే బీహెచ్‌పీవీ కూడా ఆ దశాబ్దానివే. 1968లో తూర్పు నౌకాదళ కేంద్రం ఏర్పడింది. 2009లో గంగవరం పోర్టు మొదలైంది.

ఈ వరుసలో ఎక్కువ భాగం ప్రభుత్వ సంస్థలే. క్వార్టర్లు, సెంట్రల్ స్కూళ్లు, జీతం ఒకటో తారీఖున పడే ఇళ్లు విశాఖకు ఒక తీరు తెచ్చిపెట్టాయి. బెంగాలీ, ఒడియా, తమిళం, మలయాళం మాట్లాడే కుటుంబాలు మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. మా కాలనీలో దుర్గాపూజ, ఓనం రెండూ మాకు సొంత పండగల్లాగే ఉండేవి.

స్టీల్ ప్లాంట్ గురించి ఇక్కడివాళ్లు ఎందుకంత ఉద్వేగంగా మాట్లాడతారు?

ఎందుకంటే అది ఊరికే రాలేదు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ రాష్ట్రమంతా లేచింది. టి. అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబర్ 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది చనిపోయారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా నత్తనడక. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఏటా 73 లక్షల టన్నుల ఉక్కు తీయగల సామర్థ్యం దానిది.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఈ ప్లాంటుకు సొంత ఇనుప గని లేదు. ఖనిజాన్ని బయట ధరకు కొనాలి. సొంత గనులున్న ప్లాంట్లతో పోటీ పడాలి. నష్టాల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడినప్పుడు ముందు ఈ మాట గుర్తుచేయాలనిపిస్తుంది. 2021 జనవరిలో వంద శాతం వాటా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెం గేటు దగ్గర టెంటు వేసి కార్మికులు రిలే దీక్షలు మొదలుపెట్టారు, ఏళ్ల తరబడి సాగించారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది.

ఇక భూములిచ్చినవాళ్లు. అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. నిర్వాసిత కుటుంబాలకు ఆర్ కార్డులు ఇచ్చారు, కార్డుకో ఉద్యోగం అన్నారు. వేలమందికి ఆ ఉద్యోగం రాలేదు. నా స్నేహితుడి ఇంట్లో ఆ కార్డు ప్లాస్టిక్ కవర్లో, దేవుడి గూట్లో ఉండేది. వాళ్ల నాన్నగారు దాన్ని ఏడాదికోసారి తీసి ఆఫీసుకు పట్టుకెళ్లి, సాయంత్రానికి మళ్లీ అక్కడే పెట్టేవారు. ఆయన పోయారు. కార్డు ఇప్పుడు కొడుకు దగ్గర ఉంది.

ఈ తీరంలో కొత్తగా ఏ ఫ్యాక్టరీ వస్తుందన్నా నేను మొదట అడిగేది ఆ ఊరివాళ్ల సంగతే. పెట్టుబడి ఎన్ని కోట్లన్నది తర్వాతి ప్రశ్న.

అచ్యుతాపురం, పరవాడ వైపు ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

ఇప్పుడు కుర్రాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, పని దొరుకుతున్నది ఎక్కువగా అటే. పరవాడలో ఫార్మాసిటీ, అచ్యుతాపురంలో ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ పెట్టిన సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఉన్నాయి. శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో పెట్టిన దుస్తుల పార్కులో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. షిఫ్టు మారే వేళ అచ్యుతాపురం జంక్షన్‌లో నిలబడి చూడండి. బస్సు వెనక బస్సు, కిటికీ కిటికీకీ టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకున్న అమ్మాయిలు. జీతాలు పెద్దవేం కావు. కానీ ఇంట్లో మొదటిసారి సొంత బ్యాంకు ఖాతా, సొంత ఫోను, తమ్ముడి ఫీజు తను కట్టానన్న ధీమా వాళ్లవి. పెళ్లి రెండేళ్లు వాయిదా వేయించుకోగలిగిన ధైర్యం కూడా ఆ జీతమే ఇచ్చింది. మా చిన్నాన్న కూతురే అందుకు సాక్ష్యం.

ఫార్మాలో కెమిస్ట్రీ చదివినవాళ్లకు, ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లకు అవకాశాలున్నాయి. ప్రమాదమూ ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. చేరేముందు జీతం ఎంతని అడిగినట్టే సేఫ్టీ శిక్షణ ఎన్ని రోజులు, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, కాంట్రాక్టర్ కింద పనా లేక కంపెనీ రోల్స్ మీదా అని తప్పకుండా అడగండి. అడిగితే ఉద్యోగం పోతుందని భయపడొద్దు.

ఐటీ, డేటా సెంటర్ల మాటేమిటి?

రుషికొండ కొండల మీద ఐటీ చాలా ఏళ్లుగా ఉంది, కానీ హైదరాబాద్ పక్కన చిన్నది. 2023లో ఇన్ఫోసిస్ వచ్చింది. 2025లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకే కేటాయిస్తూ రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది, 12 వేల ఉద్యోగాలు వస్తాయని చెప్పింది. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు అప్పుడే అందరి నోళ్లలో నానాయి.

నా మాటగా ఒకటి చెబుతాను. డేటా సెంటర్ అంటే ముఖ్యంగా యంత్రాలు. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, కట్టాక లోపల నడిపించడానికి అంతమంది అక్కర్లేదు. కరెంటు, నీళ్లు మాత్రం బాగా కావాలి. దాని చుట్టూ వేరే కంపెనీలు వస్తేనే మన పిల్లలకు ఉద్యోగాలు. కాబట్టి ప్రకటన చూసి పొంగిపోయి ఉన్న ఉద్యోగం మానేసి రావద్దు. ఆఫర్ లెటర్ చేతిలో పడ్డాక సంతోషంగా రండి.

పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్ గురించి జనం తక్కువ మాట్లాడతారు. 270 ఎకరాల్లో వైద్య పరికరాల కంపెనీలన్నీ ఒక్కచోట ఉన్నాయి. బయోమెడికల్, ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లలుంటే అటు చూడమనండి.

చేపల వేట ఇంకా నడుస్తోందా?

నడవడమేమిటి, ఈ తీరానికి ప్రాణమే అది. జాలరులు, వాడబలిజలు, పల్లెకారులు తరతరాలుగా సముద్రాన్నే నమ్ముకున్నారు.

తెల్లవారుజామున నాలుగున్నరకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చూడండి. పదిహేను, ఇరవై రోజులు సముద్రంలో ఉన్న బోటు ఒడ్డుకు ఆనగానే ఐస్ గదుల మూత తీస్తారు. పొగలా చల్లటి ఆవిరి లేస్తుంది. కళాసీలు, అంటే బోటులో పనిచేసేవాళ్లు, ప్లాస్టిక్ ట్రేలలో చేపలు అందిస్తుంటే కింద సిమెంటు నేల మీద రకం ప్రకారం కుప్పలు పోస్తారు. కోనాలు ఒకపక్క, చందువలు ఒకపక్క, కానాగంతలు, కవళ్లు ఇంకోపక్క. రొయ్యలైతే కంపెనీ మనుషులు సైజు చూసి పక్కకు తీయించేస్తారు. వేలం పాట మొదలవుతుంది. పాడేది మగవాళ్లయినా, కుప్ప చుట్టూ చేరి వేలితో మొప్ప ఎత్తి ఎరుపు చూసి ధర తేల్చేది ఎక్కువగా ఆడవాళ్లే. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, డబ్బుల సంచి బొడ్లో పెట్టుకుని, అయిదు నిమిషాల్లో బేరం తెగ్గొడతారు. ఆరు దాటేసరికి గంపలు ఆటోలెక్కి పూర్ణామార్కెట్‌కు, గాజువాకకు, ఇంకా లోపలి ఊళ్లకు వెళ్లిపోతాయి. డీజిల్, ఐస్, రేషన్ ఖర్చులు పోను మిగిలిందాంట్లో యజమాని, బోటు నడిపే సరంగు, కళాసీలు వాటాలు పంచుకుంటారు. ఖర్చులే రాని రోజు వాటా ఏముంటుంది, అప్పు తప్ప.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం అవసరమే. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలు చేశారు. 2023 నవంబర్ 19 రాత్రి హార్బర్‌లో నిప్పంటుకుని నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని ఇళ్లు బతుకుతాయో తెలిసినవాళ్లకు ఆ రాత్రి నిద్ర లేదు.

ఇంకో దెబ్బ అమెరికా నుంచి వచ్చింది. మన రొయ్యల్లో పెద్ద వాటా అటే వెళ్తుంది. 2025లో అక్కడ మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే చెరువు గట్టు మీద రైతు నుంచి ప్రాసెసింగ్ యూనిట్లో తొక్క ఒలిచే అమ్మాయి దాకా అందరికీ టెన్షన్ పట్టుకుంది.

వ్యవసాయం?

వరి, చెరకు, మొక్కజొన్న. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి. పలాస జీడిపప్పు, అనకాపల్లి బెల్లం మీకు తెలిసినవే. అనకాపల్లిది దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. కానీ తుమ్మపాల, ఏటికొప్పాక లాంటి సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక చెరకు వేసేవాళ్లు తగ్గిపోయారు. తోటలున్నచోట సరుగుడు, సరుగుడు ఉన్నచోట లేఅవుట్లు కనిపిస్తున్నాయి.

బతకడానికి ఖర్చెంత?

హైదరాబాద్ కంటే తక్కువ, విజయనగరం, శ్రీకాకుళం కంటే బాగా ఎక్కువ. అద్దెలు చోటును బట్టి మారతాయి. ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డు ఖరీదు. మధురవాడ, కొమ్మాది ఐటీ పేరుతో ఏటా పెరుగుతున్నాయి. గాజువాక, పెందుర్తి, గోపాలపట్నం వైపు మామూలు జీతగాళ్లు ఉండగలరు. నగరంలో తిరగడానికి సిటీ బస్సులతో పాటు షేర్ ఆటోలే ఆధారం. కూరగాయలకు రైతుబజార్లు బాగుంటాయి, వారానికోసారి వెళ్తే చాలు.

తిండి, మాట, పండగలు ఎలా ఉంటాయి?

పొద్దున ఇడ్లీ, సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తు. పల్లెల్లో చోళ్లంటే రాగులు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్లే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మాడుగుల హల్వా ఎవరింటికైనా పట్టుకెళ్లడానికి మంచి కానుక. గోధుమపాల నుంచి చేస్తారు, ఓపిగ్గా తిప్పాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మాట గురించి మాత్రం కొంచెం చెప్పాలి. "ఏటి", "ఎక్కడికెల్తన్నావు", "వచ్చీసినాను", "బావు", "అప్ప", "గుంటడు". ఇవి మా ఇంటి మాటలు. అక్కను అప్ప అంటాం, ఎదుటి మనిషిని ప్రేమగా బావు అంటాం. సినిమాల్లో పనివాళ్ల చేత, అమాయకుల చేత ఈ యాస పలికించి నవ్వించడం చూసి మా పిల్లలు కాలేజీకి వెళ్లగానే దాన్ని దాచేసుకుంటున్నారు. మీరు ఇక్కడికి వస్తే ఎవరైనా "ఏటి బావు" అంటే నవ్వకండి, బదులు చెప్పండి. వాళ్లు మిమ్మల్ని సొంతం చేసుకుంటున్నారు.

పండగలంటే సింహాచలం చందనోత్సవం. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే అప్పన్న నిజరూపం కనిపిస్తుంది. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. లక్షల మంది నడుస్తారు, దారి పొడవునా జనం తమ ఇళ్ల ముందు మజ్జిగ, పులిహోర పెట్టుకుని నిలబడతారు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి, విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం, అనకాపల్లిలో నూకాలమ్మ జాతర.

ఎండ, తుఫాను భయం ఉందా?

ఎండ కన్నా ఉక్క ఎక్కువ. మే నెలలో చెమట ఆరదు.

తుఫాను భయం మాత్రం నిజమైనదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. మధ్యాహ్నానికల్లా నగరంలో పచ్చదనమనేది లేకుండా పోయింది. చెట్లు విరగడం కాదు, వేళ్లతో సహా పెకిలించుకుపోయాయి. వారం పైగా మాకు కరెంటు లేదు, పాల ప్యాకెట్టు కోసం క్యూ కట్టాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానాన్ని తుడిచిపెట్టేసింది. కొబ్బరి చెట్టు కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే ఆ తుఫాను నష్టం ఒక్క ఏడాదితో తీరేది కాదు. ఇల్లు చూసుకునేటప్పుడు తలుపులు, కిటికీలు గట్టివేనా, వాన నీరు వీధిలోంచి ఎటు పోతుంది అన్నవి చూడండి. పక్కన గెడ్డ ఉందా, దాన్ని పూడ్చి కట్టారా అన్నది మరీ ముఖ్యం.

గాలి, నీళ్లు ఎలా ఉంటాయి?

ఇదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ప్రశ్న. పాతనగరంలో, పోర్టు దగ్గర వీధుల్లో కిటికీ గట్టు మీద వేలు పెట్టి రాస్తే నల్లగా వస్తుంది. బొగ్గు ధూళి. అక్కడి పిల్లలకు దగ్గు మామూలైపోయింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. నిద్రలో లేచి పరిగెత్తినవాళ్లు దారిలోనే పడిపోయారు. జనం ఉన్నచోటికి ఫ్యాక్టరీ వచ్చిందా, ఫ్యాక్టరీ చుట్టూ జనం చేరారా అన్న వాదన తర్వాత చాలా జరిగింది. ఆ దూరం కాపాడాల్సిన బాధ్యత అనుమతులిచ్చేవాళ్లదే.

నీళ్లు రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, ఏలేరు కాలువ నుంచి వస్తాయి. వేసవిలో కొన్ని కాలనీలకు ట్యాంకర్లే దిక్కు. ఇల్లు తీసుకునేముందు పక్కింటివాళ్లను ఏప్రిల్‌లో కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో అడగండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి విషాదం. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి.

చదువులు, ఆసుపత్రులు?

వీటికి లోటు లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలయ్యాయి. 2015లో ఐఐఎం వచ్చింది, ఆ మరుసటి ఏడాది పెట్రోలియం విద్యాసంస్థ. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు ఉత్తరాంధ్ర నుంచే కాదు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. వరండాలో చాపలేసుకుని ఉన్న ఒడియా కుటుంబాలను చూస్తే ఈ ఒక్క ఆసుపత్రి మీద ఎంత భారం ఉందో అర్థమవుతుంది.

రాకపోకలు?

చెన్నై, కోల్‌కతా పాత హైవే నగరంలోంచే వెళ్తుంది. అందుకే గాజువాకలో ట్రాఫిక్ అంత ఇరుకు. రైళ్లకు కొదవ లేదు, సంక్రాంతికి తప్ప. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు, కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. ఇన్నాళ్లూ విమానాలు నౌకాదళం వారి రన్‌వే మీదే దిగుతూ వచ్చాయి, అందుకే వేళల మీద పరిమితులు. భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం ఆ ఇబ్బంది తీర్చడానికే.

స్థలం కొనొచ్చా?

కొనొచ్చు, తొందరపడకుండా. సింహాచలం దేవస్థానానికి, అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం ప్రజలకు మధ్య పంచగ్రామాల భూసమస్య దశాబ్దాలుగా నలుగుతోంది. ఆ ఊళ్లలో ఇల్లున్నా రిజిస్ట్రేషన్‌కు నోచుకోని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నిషేధిత భూముల జాబితా 22-ఎ తప్పకుండా చూసుకోండి. తీరానికి దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు అడ్డొస్తాయి. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉన్న లేఅవుట్ మాత్రమే కొనండి. మా బంధువు ఒకాయన బీచ్ కనిపిస్తుందని భీమిలి దారిలో ప్లాటు కొన్నారు. పన్నెండేళ్లయింది, ప్రహరీ కూడా కట్టుకోలేకపోయారు. అమ్మినవాళ్ల ఆఫీసు ఇప్పుడు లేదు.

ఒక్కరోజే ఉంటే ఏం చూడాలి?

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్. ఆ తర్వాత ఆర్కే బీచ్, ఆ వేళ వాహనాలు ఆపేస్తారు, ముసలీ ముతకా అందరూ నడుస్తుంటారు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం తెరిచాక లోపలికి వెళ్లి నావికులు ఎంత ఇరుకులో బతికారో పిల్లలకు చూపించండి. మధ్యాహ్నం తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారాలు, అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల మీద చెత్త వేయకండి, మట్టి తవ్వి పట్టుకెళ్లకండి. వానకూ గాలికీ వేల ఏళ్లు పట్టింది వాటిని చెక్కడానికి.

సాయంత్రానికి భీమిలి చేరుకోండి. గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్లుంటారు. పక్కన కూర్చుని "ఏటి బావు, ఈరోజు ఏం పడ్డాయి?" అని అడగండి. ఈ పేజీలో నేను రాయనివి వాళ్లు చెబుతారు.